దేని మీద ఒకటిన్నర రెట్లు?

మద్దతు ధర ప్రకటించిన రోజు ఊళ్లో రెండే మాటలు వినబడతాయి. ఈసారి కాస్త పెంచారులే అని కొందరు సంతోషిస్తారు. ఎప్పుడూ మోసమే అని మిగతావాళ్లు తిట్టిపోస్తారు. సంతోషపడ్డవాళ్లలో గానీ, తిట్టినవాళ్లలో గానీ కాగితం మీద లెక్క వేసి చూసేవాళ్లు ఎంతమంది? రైతు కోపం న్యాయమైనదే. కానీ కోపంగా వెళితే ఏ అధికారి అయినా "మీ బాధ మాకు తెలుసు" అని కుర్చీ వేసి, మంచినీళ్లిచ్చి సాగనంపుతాడు. లెక్క అడిగితేనే ఇబ్బంది పడతాడు.

2025-26 ఖరీఫ్‌కు సాధారణ రకం ధాన్యానికి క్వింటాలుకు 2,369 రూపాయలు ప్రకటించారు. అంతకుముందు ఏడాది 2,300. పెరిగింది 69 రూపాయలు, అంటే నూటికి మూడు. ఖర్చు మీద ఒకటిన్నర రెట్లు ఇస్తున్నామని ప్రభుత్వం చెబుతోంది. అబద్ధమా అంటే కాదు, వాళ్ల లెక్కలో అది నిజమే. మనం అడగాల్సింది, ఏ ఖర్చు మీద అని.

వ్యవసాయ ఖర్చులు, ధరల కమిషన్ ఖర్చును రకరకాలుగా కడుతుంది. విత్తనం, ఎరువు, పురుగుమందు, కూలీలు, డీజిలు, కౌలుకు చేస్తే కట్టిన కౌలు, ఇలా చేతి నుంచి పోయేవి ఏ2. ఇంటివాళ్ల కష్టానికి కూలి కడితే ఏ2+ఎఫ్ఎల్. సొంత భూమికి కౌలు, సొంత పనిముట్ల మీద పెట్టిన పెట్టుబడికి వడ్డీ కూడా కలిపితే సీ2. ఈ ధాన్యానికి కమిషన్ వేసిన ఏ2+ఎఫ్ఎల్ 1,579 రూపాయలు, సీ2 2,090. మొదటిదానికి ఒకటిన్నర రెట్లు కడితే ప్రకటించిన ధరే వస్తుంది. రెండోదానికి కడితే 3,135. తేడా క్వింటాలుకు 766 రూపాయలు. ఎకరాకు 75 కిలోల బస్తాలు 30 పండాయనుకుంటే 17,235 రూపాయలు. ఎకరానికి మన జేబులోకి రాకుండా పోతున్నది ఇదీ.

సొంత భూమికి కౌలు ఎవరికి కడుతున్నావయ్యా అని మనల్నే ఎదురడుగుతారు. అడగనివ్వండి, మంచి ప్రశ్నే. సొంత గదిలో కిరాణా కొట్టు పెట్టినవాడు ఆ గది అద్దెకిస్తే ఎంతొచ్చేదో చూసుకోడా? మనదీ అంతే.

మన వైపు మాటలనూ ఇలాగే పట్టి చూడాలి. ఖర్చు మీద కనీసం 50 శాతం కలపమన్నది స్వామినాథన్ కమిషన్. ఆ ఖర్చంటే సీ2 అన్నది రైతు సంఘాల వాదన. మైకులో సీ2, సీ2 అని అరిచే నాయకుణ్ణి కూడా అందులో ఏమేం కలుస్తాయో చెప్పమని అడగండి. చెప్పలేకపోతే, మంత్రి ముందు కూర్చున్నప్పుడు ఆయన మన తరఫున ఏం మాట్లాడతాడు? సంఘం పత్రిక రాసింది కదా అని ఈ అంకెలనూ ఊరికే నమ్మొద్దు, కమిషన్ నివేదికలో సరిచూసుకోండి.

ఇంకో సంగతి. అవి దేశం మొత్తం మీద వేసిన సగటు ఖర్చులు. మన డెల్టాలో కౌలు ఎంత, కోత మిషనుకు గంటకు ఎంత, ఆ సగటులో కనబడదు. అది మన పుస్తకంలోనే ఉండాలి. కాగితం లేకుండా కౌలు చేసేవాళ్ల ఖర్చు ఎవరి లెక్కకూ ఎక్కదు కాబట్టి, వాళ్లు మరీ రాసుకోవాలి. వచ్చే మండల సమావేశానికి దుక్కి దగ్గర్నుంచి బస్తాలు తోలేదాకా అయిన ఖర్చు, ఇంట్లో ఆడవాళ్లు చేసిన పని రోజులతో సహా, రాసుకుని తీసుకురండి. గుర్తున్నంతవరకు అయినా సరే. అన్నీ కలిపి కలెక్టరుకు ఇచ్చే అర్జీకి జత చేద్దాం.