మైనర్ అని ఉపేక్షించరాదు

డిగ్రీ విద్యార్థి ఒక శాస్త్రాన్ని ప్రధానంగా అభ్యసిస్తూ, తోడుగా మరొకదానిని మైనర్ సబ్జెక్టుగా చదివే విధానం దేశంలో విస్తరిస్తోంది. 2020 నాటి జాతీయ విద్యా విధానాన్ని అనుసరించి యూజీసీ 2022 డిసెంబరులో ప్రకటించిన ప్రణాళికలో, మూడేళ్ల డిగ్రీకి అవసరమైన 120 క్రెడిట్లలో 24 మైనర్‌కు కేటాయించారు. అంటే మొత్తం చదువులో అయిదో వంతు. ఆంధ్రప్రదేశ్‌లో 2023-24 విద్యా సంవత్సరం నుంచి మూడు సబ్జెక్టుల పాత పద్ధతి స్థానే మేజర్, మైనర్ పద్ధతి అమలులోకి వచ్చిన సంగతి విదితమే. ఈ మైనర్లలో అర్థశాస్త్రానికి దక్కవలసిన స్థానం గురించి ఆలోచించడం అవసరం.

కంప్యూటర్ సైన్సో, రసాయనశాస్త్రమో ప్రధానంగా చదివే విద్యార్థికి అర్థశాస్త్రంతో కలిగే పరిచయం చాలావరకు ఈ మైనర్‌తోనే ముగుస్తుంది. అది కేవలం గిరాకీ, సరఫరా రేఖలు గీయడంతో సరిపెడితే ప్రయోజనం శూన్యం.

గుజరాత్‌లోని సూరత్ జిల్లానే తీసుకుందాం. తాపీ నదికి చేరువన, ముంబయి-అహ్మదాబాద్ జాతీయ రహదారిపై ఉన్న కామ్‌రేజ్ తాలూకా చుట్టూ చెరకు సాగు, వజ్రాల సానపట్టడం, మరమగ్గాలు జీవనాధారాలు. నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమంలో పాఠశాలలు నడిపేంత సంఖ్యలో తెలంగాణ నేత కుటుంబాలు సూరత్‌కు వలసవెళ్లాయి. అక్కడి కళాశాల విద్యార్థికి పాఠం ఇంటి ముంగిటే ఉంది.

2017 జూలైలో జీఎస్టీ వచ్చినప్పుడు కృత్రిమ నూలుపై 18 శాతం, దానితో నేసిన వస్త్రంపై 5 శాతం పన్ను పడింది. వ్యాపారులు సమ్మెకు దిగారు. నూలుపై పన్నును అదే ఏడాది అక్టోబరులో 12 శాతానికి తగ్గించినా, ముడిసరుకుపై ఎక్కువ, తయారైన సరుకుపై తక్కువ అనే వైపరీత్యం తొలగలేదు. 2025 సెప్టెంబరు 22న నూలునూ 5 శాతం పరిధిలోకి తెచ్చాకే అది సర్దుకుంది. ఈలోగా మగ్గాల యజమానుల పెట్టుబడి పన్ను రూపంలో ఎందుకు చిక్కుకుపోయిందో, ఆ భారం కూలి రేట్లపై ఎలా పడగలదో వివరించగలిగేది అర్థశాస్త్రమే. 2025 ఆగస్టులో అమెరికా సుంకాలను 50 శాతానికి పెంచినప్పుడు వజ్రాల కార్ఖానాల్లో కలిగిన ఆందోళనకూ ఇదే వర్తిస్తుంది.

మైనర్ వల్ల లోతైన జ్ఞానం అబ్బదనే విమర్శలో కొంత నిజం లేకపోలేదు. అయితే మైనర్ ఉద్దేశం ఆర్థికవేత్తలను తయారుచేయడం కాదు. బడ్జెట్‌ను, ధరల సూచీని, రుణ షరతులను స్వయంగా చదివి అర్థం చేసుకోగల పౌరులను తయారుచేయడం. క్రెడిట్‌కు 15 గంటల చొప్పున లెక్కించినా 360 బోధన గంటలు లభిస్తాయి. అది తక్కువ వ్యవధి కాదు.

అధ్యాపకులు లేరన్న సాకుతో, ఉన్న సబ్జెక్టునే విద్యార్థికి అంటగడితే ఎంపిక అనే మాటకు అర్థముండదు. ఖాళీలు భర్తీ చేసి, స్థానిక పరిశ్రమనే పాఠ్యాంశంగా మలచవలసిన బాధ్యత ప్రభుత్వాలది, విశ్వవిద్యాలయాలది. మగ్గం నీడన పెరిగిన విద్యార్థి పట్టా పుచ్చుకున్నాక కూడా నూలు ధర ఎందుకు మారిందో చెప్పలేకపోతే, ఆ లోపం అతనిది కాదు.