పరకాయంలో పరకాయం

పరకాయ ప్రవేశం మన కథలకు కొత్త కాదు. ఒకరి ప్రాణం వేరొకరి దేహంలో దూరి రాజ్యమేలిన కథలు చిన్నప్పుడు అందరం విన్నవే. అయితే ఆ దేహం కూడా అసలుది కాక, ఎవరో కొత్తగా కట్టినదైతే? లోపల దూరిన ప్రాణానికి తేడా తెలుస్తుందా? ఈ ప్రశ్న వేదాంతులది కాదు, వీడియో ఆటల వాళ్ళది. ఇంజనీరింగు చదివే మా మేనల్లుడు నాకు తగిలించి పోయాడు.

1983లో జపానులో నింటెండో కంపెనీవారు టెలివిజనుకు తగిలించి ఆడుకునే ఫామికామ్ అనే యంత్రాన్ని విడుదల చేశారు. 2001లో వాళ్ళే చేతిలో ఇమిడే గేమ్‌బాయ్ అడ్వాన్స్ తెచ్చారు. దాని భాష వేరు, దీని భాష వేరు. పాత ఆట కొత్తదానిలో నడవాలంటే మధ్యన ఒక దుబాసీ వుండాలి. ఆ దుబాసీయే ఎమ్యులేటర్. పాత ఆట ఇచ్చే ఒక్కొక్క ఆజ్ఞనూ కొత్త యంత్రానికి తెలిసిన పలు ఆజ్ఞలుగా విడమర్చి చెబుతుంది. ఔత్సాహికులు రాసిన పాకెట్‌నెస్ ఇటువంటిదే. పాత యంత్రం గుండె సెకనుకు సుమారు 18 లక్షల సార్లు కొట్టుకుంటే, కొత్తదాని గుండె సుమారు కోటీ 68 లక్షల సార్లు. తొమ్మిది రెట్ల పైమాటే. కాని దుబాసీ ఖర్చులు పోగా మిగిలేది స్వల్పం. పైగా పాత బొమ్మకు నిలువున 240 గీతలు, కొత్త తెరమీద 160కే చోటు. బొమ్మను నొక్కనన్నా నొక్కాలి, కత్తిరించనన్నా కత్తిరించాలి.

ఇది మొదటి వేషం. గేమ్‌బాయ్ అడ్వాన్స్ తయారీ కూడా ఏనాడో ఆగిపోయింది. ఇప్పుడు దాన్ని ఎఫ్‌పీజీఏ అనే చిప్పులో తిరిగి కడుతున్నారు. ఆ చిప్పు పలక వంటిది. లోపలి అల్లికను చెరిపి, కోరినట్టు మళ్ళీ రాసుకోవచ్చు. దుబాసీ మాదిరిగా ఒకటొకటే చెప్పుకుపోవడం కాదు, అసలు యంత్రంలో లాగే భాగాలన్నీ ఏకకాలంలో పనిచేస్తాయి. 2017లో మొదలైన మిస్టర్ అనే పథకం ఇందుకు ప్రసిద్ధి. (“ఎవరండీ ఆ మిస్టరు, రాత్రి పదకొండయినా ఇంటికి పోడు?” అని మా ఆవిడ.)

మావాడు ఆ కట్టుడు గేమ్‌బాయ్‌లో పాకెట్‌నెస్‌ను నడిపి, అందులో ఎవరో ఉచితంగా పంచిన ఫామికామ్ ఆటను ఆడి చూపించాడు.

“ఒరేయ్, ఆ చిప్పులోనే తిన్నగా ఫామికామ్ కట్టుకోరాదూ? ముక్కేదిరా అంటే తలచుట్టూ తిప్పడమెందుకు?” అన్నాను.

“అదీ కట్టారు మామయ్యా. ఇది ఆట కోసం కాదు, పరీక్ష కోసం” అన్నాడు.

నిజమే. మామూలు ఆట యజమాని చూపిన గదిలో కూర్చునే చుట్టం. ఎమ్యులేటర్ అటకలూ చూరులూ అన్నీ వెతికే చుట్టం. తెరమీద ఒక గీత ముగిసి మరొకటి మొదలయ్యే లోపలి క్షణాన్ని కూడా వదలదు. కట్టుబడిలో ఎక్కడ లోపమున్నా బొమ్మ వంకరపోతుంది.

ఇంకా చిత్రం, 2004లో నింటెండోవారే తమ పాత ఫామికామ్ ఆటలను, సూపర్ మారియో బ్రదర్స్‌తో సహా, ఎమ్యులేటర్ లోపలబెట్టి గేమ్‌బాయ్ అడ్వాన్స్‌కు అమ్మారు. అవి మరో ఎమ్యులేటర్‌లో నడవకుండా ఉచ్చులు పన్నారు. వాటిలో ఒకటి విన్నాక వాళ్ళ బుద్ధికి దణ్ణం పెట్టాను. ఆ యంత్రం ఒక ఆజ్ఞను అమలు జరుపుతూనే తరువాతి వాటిని ముందుగా తెచ్చి దగ్గర పెట్టుకుంటుంది. సరిగ్గా ఆ సమయంలో జ్ఞాపకంలోని తరువాతి ఆజ్ఞను కొట్టివేసి వేరొకటి రాస్తారు. అసలు యంత్రం చేతిలో వున్న పాతదాన్నే అమలు చేస్తుంది. వేషధారి అమాయకంగా కొత్తది చదివి దొరికిపోతాడు. అంటే పట్టిచ్చేది అసలుదాని తెలివి కాదు, దాని అలవాటు. దొంగను పట్టడానికి పన్నిన ఉచ్చే ఇప్పుడు కొత్త కట్టుబడికి యోగ్యతాపత్రం ఇస్తున్నది.

తెలుగు పాఠం చెప్పుకునే నాకు ఇందులో తాళపత్రాల వాసన తగిలింది. ప్రతి రాసేవాడు మూర్ఖుడైతే వచ్చే ప్రమాదం కొంతే. పండితుడైతే మరీ ప్రమాదం. తప్పనుకున్నదల్లా దిద్దిపారేస్తాడు, మాతృక మాయమవుతుంది. బ్రౌన్ దొర పండితులను కూర్చోబెట్టి ప్రతులు సరిపోల్చిన పని ఇటువంటిదే. సరిపోల్చడానికి మాతృక వుండాలి కదా! పాత యంత్రాలు ఒక్కొక్కటీ మూలబడుతున్నాయి. పనిచేసేవి వుండగానే జరగవలసిన పని ఇది.

“ఆ బొమ్మ నొక్కుడు పోయేట్టు దిద్దకూడదుట్రా?” అని అడిగాను.

“దిద్దితే అది గేమ్‌బాయ్ కాదు మామయ్యా” అన్నాడు. వచ్చే ఆదివారం స్నేహితుడి దగ్గరున్న అసలు యంత్రాన్ని అరువు తెస్తాడట. రెండూ పక్కపక్కన పెట్టి గీత గీత చూడాలి. నా కళ్ళజోడు తుడిచి సిద్ధంగా వుంచుకోమన్నాడు.