నల్లపొగ, తలనొప్పి

నేను తెలుగు పాఠం చెప్పుకొని బ్రతికేవాణ్ణి. ఇంజనుకూ నాకూ ఉన్న సంబంధం తాళంచెవి తిప్పడంతో మొదలై అక్కడితోనే ముగుస్తుంది. అటువంటివాడు ఈ వారం ఇంజను గురించి వ్రాయడానికి కూర్చున్నాడంటే ఇంట్లో ఏదో జరిగిందన్నమాటే. జరిగింది. చెబుతాను, చిత్తగించండి.

మా నాన్నగారికి ఒక కారుంది. 1984లో కొన్నారు. ఆయనకిప్పుడు డెబ్భై తొమ్మిదేళ్ళు. కారు నడపడం మానేసి అయిదేళ్ళయింది గాని, దాన్ని పలకరించడం మాత్రం మానలేదు. రోజూ ప్రొద్దున్నే కాఫీ త్రాగి, షెడ్డులోకి వెళ్ళి, పావుగంటసేపు ఇంజను ఆడించి వస్తారు. "యంత్రానికైనా మనిషికైనా ప్రొద్దున్న కాస్త వ్యాయామం ఉండాలిరా" అంటారు. ఆదివారాలు నేను బయటికి తీసి నడుపుతాను.

క్రిందటి సంవత్సరం వానాకాలం వెళ్ళేసరికి ఆ కారు నల్లగా పొగ వదలడం మొదలుపెట్టింది. ప్రక్కింటి రిటైర్డు తాసీల్దారుగారి భార్య గోడమీంచి తొంగిచూసి, "అన్నయ్యగారూ, ఆరేసిన పంచెలన్నీ మసిగుడ్డలవుతున్నాయండీ" అన్నారు. మా నాన్నగారు అభిమానం గల మనిషి. మరునాటినుంచి షెడ్డు తలుపులు దగ్గరగా వేసి ఇంజను ఆడించసాగారు. పంచెలు తెల్లబడ్డాయి. అందరమూ ఆ సంగతి మరచిపోయాము.

పది రోజులు గడిచాయో లేదో, ఆయనకు తలనొప్పి పట్టుకుంది. టిఫిను వేళకు కళ్ళు తిరుగుతున్నాయనేవారు. కడుపులో తిప్పుతోందని ఇడ్లీ పళ్ళెం ప్రక్కకు నెట్టేవారు. మధ్యాహ్నం భోజనం వేళకు మళ్ళీ మామూలే! మా ఆవిడ కాఫీలో డికాక్షను తగ్గించింది. నేను డాక్టరుగారి దగ్గరకు తీసుకువెళ్ళాను. రక్తపోటు కాస్త ఎక్కువుందన్నారు. ఆ వయసులో ఎవరికుండదు? మాత్ర మార్చారు. తలనొప్పి మారలేదు.

ఈలోగా కారు లీటరుకు పన్నెండు కిలోమీటర్లిచ్చేది ఎనిమిదికి దిగింది. ఒక వర్కుషాపుకు తీసుకుపోయాను. అక్కడి కుర్రాడు బానెట్టు ఎత్తి, దించి, "పిస్టన్లు పోయాయి సార్, ఇంజను విప్పాలి" అని నలభై అయిదు వేలు చెప్పాడు. అది మా అమ్మాయి హాస్టలుకు కట్టవలసిన డబ్బు. ఇంటికి వచ్చి, "అమ్మేద్దామా నాన్నగారూ?" అన్నాను. ఆయన జవాబు చెప్పలేదు. లేచి షెడ్డులోకి వెళ్ళారు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

మా ఊళ్ళో పాత బస్టాండు వెనకాల వేపచెట్టు క్రింద ఒక ముసలి మెకానిక్కు ఉన్నాడు. అందరూ భాయ్ అంటారు. అతన్ని ఇంటికి పిలుచుకొచ్చాను. అతను బానెట్టు ముట్టుకోలేదు. "పొగ ఏ రంగు సార్?" అన్నాడు.

"నలుపు."

"ఐతే పిస్టన్ల మాట తర్వాత. ఆయిలు కాలితే పొగ నీలంగా వస్తుంది. అప్పుడు రింగుల మీద అనుమానపడాలి. ఇంజను వేడెక్కాక కూడా దట్టంగా తెల్లపొగ ఆగకుండా వస్తుంటే నీళ్ళు లోపలికి దిగుతున్నాయని. నల్లగా వస్తే పెట్రోలు అరగడం లేదని!"

అరగకపోవడం అనేసరికి నాకు విషయం బోధపడింది. బరువు లెక్కన ఒక పాలు పెట్రోలుకు సుమారు 14.7 పాళ్ళు గాలి అందితే అది పూర్తిగా కాలుతుందట. గాలి తగ్గినా, పెట్రోలు పెరిగినా ఆ పాకం చిక్కబడుతుంది. దాన్నే మెకానిక్కులు 'రిచ్' అంటారు. కలవారి జబ్బన్నమాట. విస్తట్లో వడ్డన ఎక్కువై, తినేవాడికి ఊపిరి సలపదు!

భాయ్ నాలుగు ప్లగ్గులూ విప్పి బల్లమీద వరసగా పెట్టాడు. నాలుగింటికీ కాటుకలాంటి పొడి మసి. "ఒక్కదానికే ఉంటే ఆ ఒక్కదాని జబ్బు అనుకుందుము. నాలుగూ ఒకేలా ఉన్నాయంటే తప్పు వంటింట్లో ఉంది సార్, పంక్తిలో కాదు" అన్నాడు. వంటిల్లంటే గాలినీ పెట్రోలునూ కలిపి పంపే కార్బ్యురేటరు. తర్వాత ఆయిలు కొలిచే పుల్ల తీసి వాసన చూసి నాకూ చూపించాడు. ఆయిల్లో పెట్రోలు వాసన! ఎక్కువైన పెట్రోలు సిలిండరు గోడల మీది ఆయిల్ని కడిగేసి అడుగుకు జారుతోందట. ఇలాగే వదిలేస్తే ఆ కుర్రాడి మాట కొన్నాళ్ళకు నిజమయ్యేదే.

ఇక కారణం వెతకడం. ముందు చోకు చూశాడు. చలికి ఇంజను కదలడానికి గాలి దారిని కాసేపు మూసే రేకు అది. తీగె బిగిసిపోయి వెనక్కు రాకపోతే రోజంతా గాలి అందదు. మా కారుకు అది సరిగానే తెరుచుకుంటోంది. తర్వాత ఎయిర్ ఫిల్టరు తీశాడు. దుమ్ముతో చాపలా తయారైంది. అది లేకుండా కాసేపు ఇంజను నడిపి చూశాడు. పొగ ఏమీ తగ్గలేదు. "మురికిగా ఉన్నంత మాత్రాన ఇదే దొంగ అనుకోకూడదు సార్" అన్నాడు. మా పరిశోధక విద్యార్థులకు ఈ ముక్క ఎన్నిసార్లు చెప్పానో!

ఇంజను ఆపి, బీడీ దూరంగా పారేసి, టార్చిలైటుతో కార్బ్యురేటరు గొంతులోకి చూశాడు. ఇంజను ఆగిపోయినా లోపల పెట్రోలు బొట్లుబొట్లుగా పడుతూనే ఉంది. "దొరికాడు" అన్నాడు.

మేడమీది నీళ్ళతొట్టిలో బంతి చూశారు కదా! నీళ్ళు నిండగానే బంతి పైకి తేలి పంపు మూసేస్తుంది. కార్బ్యురేటరులోనూ అటువంటిదే ఒక ఇత్తడి డొల్ల ఉంటుంది. భాయ్ దాన్ని ఊడదీసి నా చెవి దగ్గర ఆడించాడు. లోపల గలగలమంది. మా ఆవిణ్ణి వేడినీళ్ళు అడిగి అందులో ముంచాడు. ఒక మూలనుంచి సన్నని బుడగలు లేచాయి. సూదిమొనంత చిల్లి! ఆ చిల్లిలోంచి పెట్రోలు చేరి డొల్ల బరువెక్కింది. బరువెక్కినది తేలదు, తేలనిది దారి మూయదు. కొత్త డొల్ల, దానిక్రింది సూది, ఫిల్టరు, ఆయిలు అన్నీ కలిపి రెండు వేలు దాటలేదు.

సామాన్లు సర్దుకుంటూ భాయ్ యథాలాపంగా, "రోజూ బండి ఆడించేదెవరు?" అన్నాడు.

"నేనే" అన్నారు నాన్నగారు.

"తలుపులు తీసేనా, పెద్దాయనా?"

నాన్నగారు గోడవైపు చూశారు. భాయ్ నావైపు తిరిగి, "ఆయనకు తలనొప్పిగానీ వస్తోందా సార్?" అన్నాడు.

నాకు కాళ్ళలో వణుకు పుట్టింది.

గాలి చాలక సగం కాలిన పెట్రోలులోంచి పుట్టేది కర్బన మోనాక్సైడు. దానికి రంగు లేదు, వాసన లేదు. రక్తంలో ప్రాణవాయువును మోసే హిమోగ్లోబిన్ను అది ప్రాణవాయువుకంటే రెండు వందల రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. తలనొప్పి, కళ్ళు తిరగడం, వికారం దాని తొలి ఆనవాళ్ళు. బయటి గాలిలోకి వస్తే మెల్లగా దిగిపోతుంది. అందుకే మధ్యాహ్నానికి ఆయన మామూలు మనిషి అయ్యేవారు. రాకపోతే మనిషే దక్కడు. పొగ నల్లగా కనబడకపోయినా ఈ విషం ఉండవచ్చు. కారేమిటి, జనరేటరేమిటి, మూసిన చోట ఏ ఇంజనూ నడపకూడదు.

ఆ సాయంత్రమే డాక్టరుగారికి చెప్పాము. ఆయన పరీక్ష చేసి, "కాఫీ సంగతి చెప్పారు గాని షెడ్డు సంగతి చెప్పలేదేమండీ?" అని కోప్పడ్డారు. నిజమే. మేము అడిగినదీ లేదు, నాన్నగారు చెప్పినదీ లేదు. వారం తిరక్కుండా తలనొప్పి పోయింది. పొల్యూషను పరీక్షలో ఆ కాలపు కార్లకు మోనాక్సైడు నూటికి 3 పాళ్ళు మించకూడదు. మాది ఆ గీతకు బాగా క్రిందనే నిలిచింది.

ఇప్పటి కార్లలో కార్బ్యురేటర్లు లేవు. పొగగొట్టంలో ప్రాణవాయువును కొలిచే పరికరం ఉంటుంది. 1976లో వోల్వో కార్లలో మొదట పెట్టారు. పాకం చిక్కబడితే ఎదుట దీపం వెలుగుతుంది, మెకానిక్కు మీటలో పి 0172 అని అంకె పడుతుంది. ఐతే అంకె చెప్పేది జబ్బు పేరే. కారణం వెతకవలసింది మళ్ళీ మనిషే, భాయ్‌లాగే ఒక్కొక్కటిగా.

ఇప్పుడు ప్రొద్దున్నే కారును షెడ్డులోంచి బయటికి తీసి నిలబెట్టడం నా పని. తరువాత పావుగంట నాన్నగారిది. నిన్న తాసీల్దారుగారి భార్య గోడమీంచి చూసి, "అన్నయ్యగారూ, కారు అమ్మేశారేమో అనుకున్నాను, పొగే లేదు!" అన్నారు. నాన్నగారు ఏమీ అనలేదు. ఆ రోజు మాత్రం ఇంజను పావుగంటకు బదులు అరగంట ఆడింది.