చెట్టు మందుకూ రుజువు కావాలి

రొమ్ములో గడ్డ తగిలిందని ఒక ఆడమనిషి ఇంట్లో చెప్పగానే సలహాలు మొదలవుతాయి. లక్ష్మణ ఫలం ఆకుల కషాయం తాగమని ఒకరు, పరగడుపున పసుపు ఉండ మింగమని ఒకరు, ఫలానా ఊళ్లో పసరు కడితే కరిగిపోతుందని మరొకరు చెబుతారు. "కత్తి తగిలితే పాకుతుంది, ముందు ఇది వాడి చూడు" అన్న మాట వీటన్నిటికీ తోడు. చెట్టు నుంచి వచ్చింది గనుక మేలు చేస్తుంది, చేయకపోయినా హాని చేయదు అన్న నమ్మకం మీదే ఈ సలహాలన్నీ నిలబడి ఉన్నాయి.

ఈ నమ్మకాన్ని ప్రశ్నిస్తే మొక్కల మందులంటే గిట్టనివాళ్లని ముద్ర వేస్తారు. నిజానికి రొమ్ము క్యాన్సర్‌కు ఇవాళ ప్రపంచమంతటా వాడుతున్న ముఖ్యమైన మందుల్లో కొన్ని చెట్ల నుంచే వచ్చాయి. అవి మందులుగా ఎలా మారాయో తెలుసుకుంటే నమ్మకానికీ రుజువుకూ ఉన్న దూరం అర్థమవుతుంది.

1962లో అమెరికా వ్యవసాయ శాఖ వృక్షశాస్త్రజ్ఞుడు ఆర్థర్ బార్‌క్లే వాషింగ్టన్ రాష్ట్రంలో పసిఫిక్ యూ అనే చెట్టు బెరడు సేకరించాడు. మన్రో వాల్, మన దేశంలో పుట్టిన మన్సుఖ్ వాణీ కలిసి అందులోని పదార్థాన్ని వేరుచేసి, 1971లో దాని నిర్మాణాన్ని ప్రకటించారు. అదే పాక్లిటాక్సెల్. కణం రెండుగా చీలేటప్పుడు కట్టుకునే సన్నని గొట్టాలను ఇది విడిపోనివ్వకుండా బిగించేస్తుందని 1979లో సూసన్ హార్విట్జ్ బృందం కనిపెట్టింది. విభజన ఆగిపోయి కణం చస్తుంది. మనుషుల మీద దశలవారీ పరీక్షలు జరిగాక 1994లో అమెరికాలో రొమ్ము క్యాన్సర్‌కు అనుమతి దొరికింది. బెరడు సేకరించిన నాటికీ ఆ అనుమతికీ మధ్య 32 ఏళ్లు గడిచాయి.

ఆ బెరడునే కషాయం కాచి తాగితే సరిపోదా? సరిపోదు. బెరడులో ఆ పదార్థం చాలా స్వల్పం. అది నీళ్లలో దాదాపు కరగదు, నోటితో తీసుకుంటే ఒంటికి సరిగా పట్టదు. పైగా యూ జాతి చెట్లలో గుండెను ఆపగల టాక్సీన్లు కూడా ఉంటాయి. ఒకే చెట్టులో మందూ విషమూ ఉన్నప్పుడు వాటిని విడదీసి, మోతాదు కట్టి, రక్తనాళంలోకి ఎక్కించే పద్ధతి కనిపెట్టాకే అది వైద్యమైంది.

మన పెరట్లో పూసే బిళ్ళగన్నేరు కథ ఇంకా గట్టి పాఠం చెబుతుంది. ఆ ఆకులు షుగరు తగ్గిస్తాయని చాలా దేశాల్లో నమ్మకం. 1950లలో కెనడాలో రాబర్ట్ నోబుల్, చార్లెస్ బీర్ ఆ నమ్మకాన్ని జంతువుల మీద పరీక్షించారు. నోటి ద్వారా ఇస్తే షుగరు తగ్గలేదు. సారాన్ని సూదిమందుగా ఇస్తే తెల్లరక్తకణాలు పడిపోయాయి. ఆ ఆధారం పట్టుకుని వెళ్తే క్యాన్సర్‌ను అణచే విన్‌బ్లాస్టిన్ బయటపడింది. దానికి దగ్గరి చుట్టమైన వినోరెల్బిన్‌ను ముదిరిన రొమ్ము క్యాన్సర్‌లో వాడుతున్నారు. ఆకును పరీక్షకు నిలబెట్టకుండా షుగరు మందని మొక్కుతూ కూర్చుంటే ఈ మందు దొరికేది కాదు.

పరీక్షలో ఓడినవీ ఉన్నాయి. ఆప్రికాట్ గింజల నుంచి తీసే లాయిట్రైల్ క్యాన్సర్‌ను కుదురుస్తుందని అమెరికాలో పెద్ద ఉద్యమమే నడిచింది. మేయో క్లినిక్ ఆధ్వర్యంలో 178 మంది రోగుల మీద జరిపిన పరీక్ష ఫలితాలు 1982లో వచ్చాయి. ఒక్కరికీ జబ్బు నయం కాలేదు, కొందరి రక్తంలో ప్రమాదకర స్థాయిలో సయనైడ్ కనిపించింది. పసుపులోని కర్కుమిన్ గాజుపాత్రలో క్యాన్సర్ కణాలను చంపుతుంది. కానీ తిన్నప్పుడు ఒంటికి చాలా తక్కువ పడుతుంది, రక్తంలో నిలవదు. లక్ష్మణ ఫలం ఆకులు క్యాన్సర్‌ను నయం చేస్తాయని మనుషుల మీద ఏ పరీక్షా రుజువు చేయలేదు. గాజుపాత్రలో కణాలను బ్లీచింగ్ పౌడరు కూడా చంపుతుంది. ఒంట్లో మంచి కణాలను బతకనిచ్చి చెడ్డవాటిని చంపడమే అసలు పరీక్ష.

"మరి ఫలానా ఆమెకు తగ్గింది కదా?" అని అడుగుతారు. రొమ్ములో వచ్చే గడ్డల్లో ఎక్కువ భాగం క్యాన్సర్ కావు. కొన్ని నీటితిత్తులు వాటంతటవే పోతాయి. బయాప్సీ లేకుండా పసరు కట్టించుకున్న ఆమెకు అసలు క్యాన్సర్ ఉందో లేదో ఎవరికి తెలుసు? ఆపరేషనూ కీమో చేయించుకుంటూ కషాయం తాగిన ఆమె బతికితే పేరు కషాయానికి పోతుంది. కషాయాన్నే నమ్ముకుని చనిపోయిన వాళ్లు వచ్చి సాక్ష్యం చెప్పలేరు. "కత్తి తగిలితే పాకుతుంది" అన్న భయమూ ఇలా పుట్టిందే: జబ్బు ముదిరాక ఆస్పత్రికి వెళ్తే అప్పటికే పాకి ఉంటుంది, నింద మాత్రం కత్తి మీద పడుతుంది.

హాని లేదన్న మాట అన్నిటికంటే పెద్ద అబద్ధం. యేల్ విశ్వవిద్యాలయ వైద్యులు 2018లో ప్రచురించిన పరిశీలనలో, రొమ్ము క్యాన్సర్‌కు ఆస్పత్రి చికిత్స మానేసి ప్రత్యామ్నాయ పద్ధతులనే నమ్ముకున్న వాళ్లకు చావు ముప్పు అయిదు రెట్లకు పైగా ఉందని తేలింది. ఆకు చంపకపోవచ్చు, ఆకును నమ్మి పోగొట్టుకున్న నెలలు చంపుతాయి. నొప్పి లేదు కదా అని ఊరుకోవడం, మగ డాక్టరుకు చూపించడానికి సిగ్గుపడటం, అత్తగారూ భర్తా ఒప్పుకునేదాకా ఆగడం ఆ నెలలను ఇంకా పెంచుతాయి. ఈ సిగ్గును ఆడపిల్లలకు నేర్పిన సమాజమే ఆ చావులకు బాధ్యత వహించాలి.

క్యాన్సర్ కుదురుస్తామని మందుల ప్రకటనలు ఇవ్వడం 1954 నాటి మాంత్రిక ఔషధాల చట్టం ప్రకారం నేరం. ఆ ప్రకటనలు ఫోన్లలో యథేచ్ఛగా తిరుగుతున్నాయి. ప్రభుత్వాలు ఆ చట్టాన్ని నిక్కచ్చిగా అమలు చేయాలి.

రుజువు దారిలో నడిచినవాళ్లు మనలోనూ ఉన్నారు. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు మద్రాసు ఆయుర్వేద కళాశాలలో పాఠాలు చెప్పి, ఆ తర్వాత అమెరికా ప్రయోగశాలలో పనిచేశారు. ఆయన బృందం నుంచి వచ్చిన మెథోట్రెక్సేట్ రొమ్ము క్యాన్సర్ కీమోలో ఏళ్ల తరబడి ముఖ్య భాగమైంది. మనం గర్వపడాల్సిన వారసత్వం ఆయన చూపిన పరిశోధనా మార్గమే.

అమ్మలారా, అక్కచెల్లెళ్లారా! గడ్డ తగిలినా, చనుమొన లోపలికి లాగినా, రక్తం కారినా వెంటనే డాక్టరు దగ్గరికి వెళ్లండి. డాక్టరు బయాప్సీ అవసరమంటే వాయిదా వేయకండి. ఆకు ఇస్తానన్న వాడిని ఎంతమంది మీద, ఎవరు పరీక్షించారని నిలదీయండి. జవాబు లేకపోతే ఆ ఆకును అక్కడే వదిలేసి ఆస్పత్రికి నడవండి.