ఆప్షన్లు లేని ప్రశ్న వస్తే?

‘కిందివాటిలో ప్రధాన సంఖ్య ఏది?’ ఆప్టిట్యూడ్ పేపర్లో ఈ బిట్‌కి మనం ఇచ్చే టైం మహా అయితే 30 సెకన్లు. ప్రధాన సంఖ్యల మీదే ఇంకో ప్రశ్న ఉంది. దానికి ఆప్షన్లు లేవు, కీ కూడా లేదు.

3, 5... 11, 13... 17, 19... ఇలా రెండే తేడాతో వచ్చే జంటల్ని కవల ప్రధాన సంఖ్యలంటాం. ఎంత ముందుకెళ్లినా ఈ జంటలు వస్తూనే ఉంటాయా? ఉంటాయనే గణితవేత్తల నమ్మకం. నిరూపణ మాత్రం నేటికీ లేదు. సంఖ్యలు పెరిగేకొద్దీ ప్రధాన సంఖ్యలు పలచబడతాయి, వాటి మధ్య సగటు దూరం పెరుగుతుంది. చిక్కంతా అక్కడే.

2013లో యీటాంగ్ ఝాంగ్ ఒక మెట్టు ఎక్కారు. తేడా 7 కోట్ల లోపు ఉండే జంటలకు అంతం లేదని నిరూపించారు. అడిగింది 2, వచ్చింది 7 కోట్లు! మన లెక్కలో అయితే నెగెటివ్ మార్కే. గణిత లోకం మాత్రం పండగ చేసుకుంది. ఎందుకంటే అంతకుముందు ఎంత పెద్ద హద్దునైనా ఎవరూ నిరూపించలేకపోయారు. హద్దంటూ దొరికాక మిగతావాళ్లు అందుకున్నారు. జేమ్స్ మేనార్డ్ వేరే దారిలో 600కి తెచ్చారు. 2014లో పలువురు కలిసి 246కి దించారు. 2 ఇంకా దూరంలోనే ఉంది.

1991లో పీహెచ్‌డీ చేసిన ఝాంగ్‌కు చాలాకాలం అధ్యాపక ఉద్యోగం దొరకలేదు. శాండ్‌విచ్ షాపులోనూ పనిచేశారు. తర్వాత న్యూ హాంప్‌షైర్ యూనివర్సిటీలో పాఠాలు చెబుతూ ఈ ఫలితం సాధించారు. అంటే ఉద్యోగం మానేసి కల వెంట పరుగెత్తమని కాదు. చేతిలో పని ఉంచుకునే ప్రశ్నను వదలకపోవడం ఇక్కడి పాఠం.

మనలో చాలామందికి పూర్తి జవాబు రాకపోతే ఏమీ రానట్టే. కోడింగ్ రౌండ్‌లో బెస్ట్ సొల్యూషన్ తట్టకపోతే నోరు మెదపం. బిట్ల ప్రాక్టీస్ అలవాటు చేసింది అదే. పరీక్షకు ఆ వేగం కావాలి, కాదనను. ఇంటర్వ్యూలో మాత్రం మీ ‘7 కోట్ల’ జవాబు ముందు చెప్పండి: ‘ఇది నెమ్మదిగా నడుస్తుంది సార్, కానీ పనిచేస్తుంది. ఇక్కడ తగ్గించొచ్చు.’ ఎంతవరకు వచ్చామో, ఎక్కడ ఆగామో చెప్పగలగడమూ జవాబే.