గాలితుపాకికి బలమే గుణమా?

స్ప్రింగుతో పనిచేయు గాలితుపాకిని కొన్నవాడు కొంతకాలమునకు దాని నిప్పి, లోని స్ప్రింగును, పిస్టను సీలును, స్ప్రింగును లోపలనుండి నిలుపు గైడును మార్చి, దానిని తన చేతికి అనువుగా దిద్దుకొనవలెనని కోరుట సహజము. ఆ కోరిక దీర్చుటకై వలయు భాగములన్నియు నొక్క పెట్టెలో సమకూర్చి యమ్ము ట్యూనింగు కిట్టులు నేడు అనేకములు దొరకుచున్నవి. ఇందు నాకు ఆక్షేపణ లేదు సరికదా, తన తుపాకిని తన యింటి బల్లమీద విప్పి, తుడిచి, తిరిగి కూర్చుకొనగలిగినవాడే దానిని నిజముగా నెరిగినవాడని నా దృఢవిశ్వాసము. నా వివాదమెల్ల ఆ కిట్టును దేనికొఱకు అమర్చుచున్నారన్న విషయముననే. తుపాకిని సవరించుట యనగా దాని బలమును హెచ్చించుటయే యనియు, మునుపటికంటె గట్టి స్ప్రింగు వేసి సెకనుకు మరి 50 అడుగుల వేగము సాధించినవాడు కృతార్థుడనియు, అట్టి యంకె లభింపనిచో పడిన శ్రమయు పెట్టిన సొమ్మును వ్యర్థమనియు నొక భావము అమ్మువారిలోను కొనువారిలోను వేరూని యున్నది. ఈ భావము మూలముననే తప్పు. దీనివలన మంచి తుపాకు లెన్నియో చెడుచున్నవి, కొన్ని యెడల చట్టమునకును విరుద్ధము లగుచున్నవి.

యంత్రము పనిచేయు తీరును మొదట విచారింతము. ట్రిగ్గరు నొక్కగనే విడివడిన స్ప్రింగు పిస్టనును ముందునకు ద్రోయును. పిస్టను తన గొట్టములోని గాలిని అణచి, చివరనున్న సన్నని రంధ్రముగుండ బారెలులోనికి నెట్టును. ఆ యొత్తిడిచే గుండు కదలును. స్ప్రింగులో దాచిన శక్తిలో గుండునకు జేరునది ఇంచుమించు మూడవవంతు మాత్రమే. తక్కినది రాపిడిగను, వేడిమిగను, కంపముగను తుపాకిలోనే వ్యయమగును. పిస్టను ముందునకు దుమికినపుడు తుపాకి వెనుకకు తన్నును; ఆ పిస్టనే అణగిన గాలిపై బడి యాగి, వెనుకకు ఎగిరినపుడు తుపాకి ముందునకు కుదుపుతో కదలును. ఇదంతయు సెకనులో నూరవవంతునకు అటునిటుగా జరిగిపోవును. గుండు బారెలును వీడకముందే తుపాకి కదలుట ఆరంభించి యుండును. ఈ కారణముననే స్ప్రింగు తుపాకిని పట్టుకొను తీరు మారినచో గుండు తాకుచోటును మారును. అమెరికా రచయిత టామ్ గేలార్డ్ ఆర్టిలరీ హోల్డ్ అని పేరిడి ప్రచారమునకు దెచ్చిన పద్ధతి, తుపాకిని బిగియబట్టక అరచేతిపై వదులుగా నానించి, దాని కదలికను ప్రతిసారియు ఒక్కతీరున సాగనిచ్చుట, ఈ స్వభావమును గుర్తించుటవలన బుట్టినదే.

ఇట్టి యంత్రములో గట్టి స్ప్రింగు వేసినచో నేమగును? పిస్టను నడచు గొట్టము పొడవు మారలేదు, వ్యాసము మారలేదు. అణచవలసిన గాలి మారలేదు. ఆ గాలి వెడలు రంధ్రమును మారలేదు. మారినది త్రోపు మాత్రమే. కొంతమేరకు ఆ త్రోపు గుండునకు అందును. ఆ మేర దాటినపిమ్మట పిస్టను మరింత ఉద్ధతముగా గాలిని దాకి, మరింత దూరము వెనుకకెగిరి, క్రొత్తగా వచ్చిన శక్తిలో నధికభాగమును కుదుపుగా మార్చి భుజమునకు అప్పగించును. ఇరుసు వదులైన బండికి బలిసిన ఎద్దులను కట్టినచో ఊగిసలాట హెచ్చునే గాని తగ్గదుగదా. ఎక్కుపెట్టుటకు వలయు బలమును హెచ్చును, పది గుండ్లు వేయునప్పటికి చేయి వణకును. వణకు చేతికి హెచ్చువేగ మొసగు సహాయమేమి? ఎక్కుపెట్టిన స్ప్రింగు భారమంతయు మోయు ట్రిగ్గరు కొక్కెము త్వరలో నరుగును. మితిమించిన చుట్లుగల స్ప్రింగు పూర్తిగా నణగునప్పటికి చుట్టు చుట్టును దాకి, తీగ అలసి, కొన్నాళ్లకు విరుగును. మందుగుండు రైఫిలు వెనుకకు మాత్రమే తన్నునని యెంచి చేసిన టెలిస్కోపు ఈ ద్విముఖమైన కుదుపులకు తాళలేక లోలోపల సడలిపోవును. దోషము తనదికాని టెలిస్కోపునే దూషించి మరియొకటి కొనువారు కలరు.

మరి మంచి కిట్టు చేయు పనియేమి? దాని విలువ యంతయు అమరికలోనున్నది. కర్మాగారము వేలకొలది తుపాకులకు సరిపోవునట్లు చేసిన గైడునకును స్ప్రింగునకును నడుమ తరచుగా సందు మిగులును. తుపాకి పేలినపుడు స్ప్రింగు ఆ సందులో నటునిటు కొట్టుకొని జివ్వుమని మ్రోగును. గైడు స్ప్రింగు లోపలి వ్యాసమునకు బిగువుగా, జారుటకు మాత్రము వీలుగా, మలచి చేసినదైనచో ఆ మ్రోత ఆ క్షణముననే యణగును. పిస్టను లోపల స్ప్రింగు ముందుకొనకు కూర్చుండు టాప్‌హ్యాటు అను ముక్కయు నట్లే. స్ప్రింగు సాగునపుడు సహజముగా మెలితిరుగును, ఆ తిరుగుడు పిస్టనునకును, దానినుండి తుపాకికిని సోకకుండ చేయుట దీని పని. సీలు గొట్టమునకు సరిపోవలెను: వదులైనచో గాలి కారును, మిక్కిలి బిగువైనచో పిస్టను తన బలమునంతయు గోడలతో పెనగులాటలోనే పోగొట్టుకొనును. ఎక్కుపెట్టు కడ్డీ కదలుటకై గొట్టములో కోసిన చీలిక అంచులు పెక్కు తుపాకులలో కత్తివలె పదునుగా నుండును. సీలును ఎక్కించునపుడే ఆ యంచు దానిని చీల్చివేయును, పిమ్మట యే స్ప్రింగు వేసినను ఫలము శూన్యము. సన్ననాకురాయితో ఆ యంచులను నునుపుచేసి, లోహచూర్ణమును పూర్తిగా తుడిచివేసి, మాలిబ్డినమ్ డైసల్ఫైడు గ్రీజును పలుచని పొరగా పూసినచో, ఒక పూట పనిలో తుపాకి గుణమే మారిపోవును. ఈ పనులలో నొక్కటియు గట్టి స్ప్రింగును కోరదు. మునుపటి వేగమే యుండవచ్చును, కొంచెము తగ్గవచ్చునుగూడ; తగ్గినను విజయమే, ఏలయనగా గుండ్లు ఒక్కచోట చేరును.

వేగవాదులు చూపు ప్రధానహేతువు, హెచ్చువేగముతో పోవు గుండు తక్కువగా క్రిందికి వంగును, కనుక గురి సులభమగునని. ఇది అసత్యము గాదు. కాని దాని విలువను కొలిచి చూడవలెను. అరగ్రాము గుండు సెకనుకు 200 మీటర్ల వేగముతో వెడలినచో దాని శక్తి 10 జౌళ్లు. వేగమును పదియవవంతు పెంచి 220 మీటర్లు చేయుటకు 12.1 జౌళ్లు కావలెను, అనగా శక్తి నూటికి 21 పాళ్లు పెరుగవలెను. గాలి యవరోధమును లెక్కింపక చూచినచో 30 మీటర్ల దూరములో మొదటి గుండు సుమారు 11 సెంటీమీటర్లు, రెండవది సుమారు 9 సెంటీమీటర్లు క్రిందికి వంగును. ఇంత శక్తి వ్యయపరచి సంపాదించిన లాభము రెండు సెంటీమీటర్లు! ఆ రెండు సెంటీమీటర్లయినను నియతమైనవి. ఒక్క సాయంకాలము అభ్యసించినవాడు గురిమరను రెండు త్రిప్పులు త్రిప్పి సరిచేసికొనగలడు. కాని కుదుపువలన గుండ్లు చెదరుట అనియతము. ఒకటి కుడికి, వేరొకటి పైకి, ఇంకొకటి యెటో పోవును. దీనిని సరిచేయు మర ప్రపంచములో లేదు. నియతమైన కొఱతను తొలగించుకొనుటకై అనియతమైన దోషమును దెచ్చుకొనుట యే వివేకము? ధ్వనివేగమునకు సమీపించుకొలది, నడుము సన్నమైన తేలిక సీసపు గుండ్లు గాలిలో నిలుకడ దప్పుటయు నీ సందర్భమున స్మరింపదగినది.

వేగమును కొలుచు క్రోనోగ్రాఫు మంచి సాధనమే, దానిని చదువు తీరు చెడినది. సీలు మార్చినవాడు పిస్టను ముందర నూనె చుక్కలు వేసి, మొదటి గుండ్లకు వచ్చు పెద్ద యంకెలను జూచి మురియును. అణచబడిన గాలి వేడికి ఆ నూనె మండుటయే ఆ యంకెలకు కారణము. బారెలునుండి వచ్చు తెల్లని పొగయే సాక్షి. కార్డ్యూ అను ఆంగ్లేయ తండ్రీకొడుకులు, 1995లో ప్రకటించిన తమ గ్రంథమున వర్ణించినట్లు, మంటకు తావులేని నత్రజని వాయువులో స్ప్రింగు తుపాకిని పేల్చి, వేగము గణనీయముగా తగ్గుట జూచి, సాధారణస్థితిలోనే కొంత దహనము జరుగునని నిరూపించిరి. ఆ సహజదహనమును మితిమీర పెంచుట సీలును కాల్చుట, స్ప్రింగును విరుచుట. క్రోనోగ్రాఫునుండి గ్రహింపవలసినది, పది గుండ్ల వేగములలో హెచ్చుతగ్గుల వ్యత్యాస మెంత యన్నది.

చరిత్రయు నాకు అనుకూలముగానే పలుకుచున్నది. 1980 దశకారంభమున జర్మనీలోని వైరాఖ్ కర్మాగారమున తయారై, ఐరోపాలో హెచ్.డబ్ల్యు.80 అనియు అమెరికాలో బీమన్ ఆర్1 అనియు అమ్ముడైన తుపాకి .177 కొలతలో సెకనుకు 1000 అడుగుల వేగము నందినదని ప్రఖ్యాతిగాంచెను; అటుపిమ్మట అమెరికా విపణిలో పెట్టెలపై నంకెల పందెము సాగెను. బ్రిటనులో నట్లుగాక, గాలిరైఫిలు శక్తి 12 అడుగు-పౌండ్లు, అనగా సుమారు 16.3 జౌళ్లు, మించినచో లైసెన్సు వలయు మారణాయుధమగునని 1969 నాటి నిబంధన లుండెను. బలము హెచ్చించు దారి మూసికొనిపోయిన ఆ దేశమున తుపాకి దిద్దువారి బుద్ధి యంతయు నునుపుదనముపై, ట్రిగ్గరుపై, కుదుపు తగ్గించుటపై లగ్నమయ్యెను. వెనమ్ అను సంస్థవారి లేజాగ్లైడ్ వంటి సవరణలు అట్టి నిర్బంధమున బుట్టినవే. పరిమితి విధించిన దేశమే ఈ విద్యకు పుట్టినిల్లయినది. ఇక జర్మనీలో లైసెన్సు లేని తుపాకికి హద్దు 7.5 జౌళ్లే; ఫైన్‌వెర్క్‌బౌ వారు ఆ హద్దులోపలనే తమ 300 నమూనాను తీర్చి, పేలినపుడు యంత్రభాగమంతయు పట్టాలపై వెనుకకు జారి కుదుపును మ్రింగునట్లు చేసిరి. 1984లో ఒలింపిక్సులో ప్రవేశించిన పది మీటర్ల పోటీలో ముఖ్యలక్ష్యము అరమిల్లీమీటరు చుక్క. ఆ పోటీలో 2012లో లండనున కాంస్యపతకము గెలిచిన మన హైదరాబాదు గగన్ నారంగ్ చేతిలోని తుపాకి స్ప్రింగుది గాకపోయినను, బలమున నింటి తుపాకులలో పెక్కింటికి తీసిపోవునదే.

మనదేశమున ఈ తప్పుడుభావము మరింత ప్రమాదకరము. 2016 నాటి ఆయుధనియమావళి ననుసరించి శక్తి 20 జౌళ్లను మించినను, కొలత .177 అనగా 4.5 మిల్లీమీటర్లను మించినను గాలితుపాకికి లైసెన్సు కావలెను. అంగడిలో లైసెన్సు లేకుండ కొన్న తుపాకిలో ఇంటివద్ద గట్టి స్ప్రింగు దూర్చినవాడు, తెలిసియో తెలియకయో, ఆ గీతను దాటవచ్చును. తుపాకి రూపము మారదు గనుక తాను నేరస్థుడైనట్లు వానికే స్ఫురింపదు. ఈ బలమంతయు పొలముగట్లమీది పక్షులకొఱకే యనువారితో వాదము లేదు. రక్షితపక్షులను జంపుట 1972 నాటి వన్యప్రాణిసంరక్షణ చట్టముచే నిషిద్ధము, మఱి చెదరు గుండు పక్షిని గాయపరచి విడుచును.

కిట్టును ఇంట అమర్చుకొనువారికి రెండు మాటలు చెప్పక తీరదు. విప్పబోవు తుపాకిలో స్ప్రింగు అప్పటికే కొంత నొక్కబడియే యుండును. మరతో బిగించు కంప్రెసరు లేక, మోకాటితో అదిమిపట్టి చివరి మూత నూడదీయువాడు దంతములను, కన్నులను పణముగా పెట్టుచున్నాడు. ట్రిగ్గరు కొక్కెము పైపొర మాత్రమే గట్టిపరచిన యుక్కు. దానిని ఆకురాయితో రుద్దినచో తనంత తాను పేలు తుపాకి తయారగును. ఇక కిట్టు నమ్మువారిని నేనడుగునది స్పష్టము: గైడు యే స్ప్రింగునకు ఎంత సందుతో సరిపోవునో, స్ప్రింగు తీగ మందమెంతయో, చుట్లెన్నియో, అమర్చినపిమ్మట ఎక్కుపెట్టుటకు ఎన్ని కిలోల బలము వలయునో, పది గుండ్ల వేగవ్యత్యాసమెంతయో పెట్టెపై నచ్చొత్తుడు. ఇవేవియు చెప్పక వేగసంఖ్య నొక్కదానినే పెద్దయక్షరములతో చూపు పెట్టెను కొనువారు అంగడి బల్లమీదనే విడిచి రావలెను.