కాంట్రాస్ట్ అంకెలతో మోసపోవద్దు

సంపాదకులకు,

టీవీల కొనుగోలుపై గత ఆదివారం మీరు వేసిన వ్యాసం చదివాను. కాంట్రాస్ట్ అంకె ఎంత పెద్దదైతే అంత మంచిదనీ, 4కె తప్పనిసరనీ రాయడం ఒప్పుకోలేను. ‘డైనమిక్ కాంట్రాస్ట్’ లక్షల్లో ఉంటే ఉండొచ్చు. నల్లటి దృశ్యం వచ్చినప్పుడు వెనక లైటు దాదాపు ఆర్పేసి కట్టే లెక్క అది. అన్ని కంపెనీలూ ఒకేలా కొలవవు కూడా. అడిగితే, వెనక లైటు మార్చకుండా కొలిచే ‘నేటివ్’ అంకె అడగాలి.

43 అంగుళాల టీవీని పదడుగుల దూరం నుంచి చూస్తే ఫుల్ హెచ్‌డీకీ 4కెకీ తేడా మామూలు కంటికి ఆనదు. పైగా ఎస్‌డీ చానెల్‌లో వచ్చేది 720 అడ్డం, 576 నిలువు పిక్సెళ్లే. లేని వివరం తెర ఎక్కణ్నుంచి తెస్తుంది? కొత్త టీవీ తెచ్చి, సెట్‌టాప్ బాక్సుకు ఎస్‌డీ మాత్రమే మోసే పాత ఎరుపు, తెలుపు, పసుపు వైర్లే తగిలించిన ఇళ్లు మా వీధిలోనే ఉన్నాయి!

మాకు మిర్చి డబ్బు చేతికొచ్చి టీవీ కొనేది ఎండలు ముదిరే వేళ. తలుపులు బార్లా తీసి ఉంచే హాల్లోకి కొనేటప్పుడు తెర వెలుతురును కొలిచే నిట్స్ ఎన్నో చూడాలి. 250 ఉన్న తెరలో మిట్టమధ్యాహ్నం మన మొహమే కనిపిస్తుంది. మంచం మీద కొందరు, గుమ్మం దగ్గర కొందరు కూర్చునే ఇంట్లో వీఏ రకం ప్యానెలైతే పక్కనున్నవాళ్లకు రంగులు వెలిసిపోతాయి. నలుపు కాస్త పలచనైనా ఐపీఎస్ రకమే నయం.

2025 సెప్టెంబరు 22 నుంచి 32 అంగుళాలు దాటిన టీవీలపై జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి దిగింది. ఆ మిగులును వెలుతురున్న తెరకు పెట్టమని మీ వ్యాసకర్త చెప్పి ఉండాల్సింది.

– ఓ పాఠకుడు, చిలకలూరిపేట